వలస పిల్లలకు తలా ఒక మెంటార్: ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుంది, ఎక్కడ చిక్కుకుంటుంది

క్లుప్తంగా: ఇటుక బట్టీల్లో, మిల్లుల దగ్గర, అడవి గూడేల్లో ఉండే వలస పిల్లల చదువు ఏటా మధ్యలో తెగిపోతోంది. బడి, హాజరు పట్టీ, టీసీ ఒక ఊరికి కట్టుబడి ఉంటాయి. ఈ పిల్లలు మాత్రం ఊళ్లు మారుతూనే ఉంటారు. ఒక్కొక్కరికి ఒక్కో మెంటార్‌ను, అంటే చదువులో తోడుంటూ దారి చూపే మనిషిని, తోడు పెడితే ఈ తెగిన చోట అతుకు పడుతుందని చాలా దేశాల అనుభవం చెబుతోంది. కాకపోతే ఆ మెంటార్ కనీసం ఏడాది పాటు నిలబడాలి. నాలుగు వారాలు వచ్చి మానేసేవాళ్ల వల్ల పిల్లలకు నష్టమే ఎక్కువ.

దీపావళి దాటిందంటే పెద్దపల్లి, సుల్తానాబాద్ చుట్టుపక్కల ఇటుక బట్టీలకు ఒడిశా కుటుంబాలు దిగడం మొదలవుతుంది. ఆ వెనకే ఏటా వచ్చే వార్తలూ మొదలవుతాయి. బట్టీల్లో పనిచేస్తున్న పిల్లలు, అధికారుల తనిఖీలు, జనవరిలో పోలీసుల ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్, బడిలో చేర్పించినప్పటి ఫొటోలు. చేరిన పిల్లలకు మార్చి నాటికి ఏ పాఠం చదవడం వచ్చింది, జూన్‌లో వాళ్లు ఎక్కడున్నారు అన్న సంగతి మాత్రం ఎవరూ రాయరు. అసలు ప్రశ్న ఉన్నది అక్కడే.

ఈ మధ్య కాలేజీల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) కార్యక్రమాల్లో మెంటారింగ్ అనే మాట తరచుగా వినిపిస్తోంది. ఇది ట్యూషనా, సేవా కార్యక్రమమా, డిగ్రీ చదివే పిల్లలు చేయగలిగిన పనేనా అన్న అయోమయం కూడా దానితో పాటే ఉంది. యూరప్‌లో శరణార్థుల కోసం నడిచే పద్ధతికి వరంగల్‌తో సంబంధం ఏమిటన్న సందేహమూ ఉంది. ముందు ఆ సంబంధం చూద్దాం.

ఉత్తర తెలంగాణలో ఈ పిల్లలు ఎవరు

చట్టం దృష్టిలో శరణార్థి వేరు, వలస కూలీ వేరు. ప్రాణభయంతో దేశ సరిహద్దు దాటి వచ్చినవాళ్లకు ఐక్యరాజ్యసమితి 1951 ఒప్పందం రక్షణ ఇస్తుంది. భారత్ ఆ ఒప్పందంలో చేరలేదు. దేశం లోపలే ఊరు వదిలి పారిపోవాల్సి వచ్చినవాళ్ల కోసం 1998లో ఐరాస మార్గదర్శక సూత్రాలు వచ్చాయి కానీ, ఏ ప్రభుత్వాన్నీ వాటికి కట్టుబడేలా చేసే వీలు లేదు. పొట్టకూటి కోసం రాష్ట్రం దాటి వచ్చే కూలీలకు 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఉండేది. 2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. 1979 చట్టం మాట్లాడింది ప్రధానంగా కూలి, గుత్తేదారుల గురించే.

ఈ మూడు రకాలవాళ్లూ ఉత్తర తెలంగాణలో ఉన్నారు. కాగజ్‌నగర్ దగ్గరి ఈజ్‌గాం, నజ్రుల్‌నగర్‌లలో తూర్పు పాకిస్థాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థి కుటుంబాలు స్థిరపడ్డాయి. ఇప్పుడక్కడ పెరుగుతున్నది వాళ్ల పిల్లల తరమూ, మనుమల తరమూ. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలయ్యాక దంతెవాడ ప్రాంతం నుంచి అడవి దాటి వచ్చిన గొత్తికోయలు ములుగు, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అడవుల్లో గూడేలు వేసుకున్నారు. 2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుంను తప్పుపట్టింది. అప్పటికే వచ్చేసిన కుటుంబాల్లో చాలామంది ఇక్కడే ఉండిపోయారు. పారిపోయి వచ్చిన తీరు చూస్తే వీళ్లది శరణార్థుల పరిస్థితే. దాటింది దేశ సరిహద్దు కాదు, రాష్ట్ర సరిహద్దు. అందుకే ఆ పేరు వీళ్లకు వర్తించదు, ఆ పేరుతో వచ్చే సాయమూ అందదు.

మూడో రకం సీజన్ వలస. బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి బట్టీలకు వచ్చేవాళ్లు, రైసు మిల్లుల్లో హమాలీ పనికి వచ్చే బిహారీలు, కరీంనగర్ గ్రానైట్ క్వారీల కార్మికులు, వరంగల్ చుట్టూ కొత్తగా లేస్తున్న కట్టడాల్లో పనిచేసే కుటుంబాలు. కొందరు పిల్లల్ని ఊళ్లో అవ్వతాతల దగ్గర వదిలి వస్తారు. బట్టీకి వచ్చేవాళ్లకు ఆ వీలు తక్కువ. అక్కడ పని కుటుంబం మొత్తం మీద ఆధారపడి ఉంటుంది.

ఈ బాధ ఇక్కడివాళ్లకు కొత్తదేమీ కాదు. వరంగల్, సిరిసిల్ల నేత కుటుంబాలు తరాలుగా సూరత్, భివండీ, షోలాపూర్ వెళ్లాయి. సూరత్ నగరపాలక సంస్థ తన బడుల్లో గుజరాతీతో పాటు తెలుగు, ఒడియా మాధ్యమాలు కూడా నడుపుతోంది. మన నేతన్నల పిల్లలు పరాయి ఊళ్లో తెలుగులో ఓనమాలు దిద్దుకోగలిగారంటే అక్కడి పాలకులు ఆ అవసరం గుర్తించడం వల్లే. గీసుగొండ, సంగెం మండలాల మధ్య కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన చేసినప్పుడు ఆ వలసలను వెనక్కి తేవడమే లక్ష్యమన్నారు. పనులు పెరిగే కొద్దీ బయటి రాష్ట్రాలవాళ్లు కూడా వస్తారు. అప్పుడు సూరత్ స్థానంలో వరంగల్ ఉంటుంది.

బడి ఒకచోట, పిల్లలు ఇంకొకచోట

చదువు ఎలా తెగుతుందో అర్థం కావాలంటే రెండు రాష్ట్రాల క్యాలెండర్లు పక్కపక్కన పెట్టి చూడాలి.

పశ్చిమ ఒడిశాలో కొత్త ధాన్యం పండుగ నువాఖాయ్ భాద్రపదంలో వస్తుంది. ఆ రోజుల్లోనే సర్దార్ అని పిలిచే కూలీల మేస్త్రీ ఇంటింటికీ వచ్చి అడ్వాన్స్ ఇస్తాడు. పండుగ ఖర్చు, పాత అప్పు, ఇంట్లో రోగమో పెళ్లో, అన్నీ ఆ డబ్బుతో తీరతాయి. తర్వాత కాంటాబంజి స్టేషన్‌లో రైలెక్కి నవంబరు, డిసెంబరు నాటికి బట్టీకి చేరతారు. తొలకరికి ముందు, మే చివరనో జూన్ మొదట్లోనో తిరిగి వెళతారు.

ఒడిశాలో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. అంటే అక్కడి పిల్ల తరగతిలో చేరి, వేసవి సెలవులు పోను నాలుగైదు నెలలు చదివి, సగంలో వచ్చేస్తుంది. తెలంగాణలో బడులు జూన్ 12న తెరిచి ఏప్రిల్ 23న మూస్తారు. ఆ పిల్ల ఇక్కడికి వచ్చేసరికి సగం సిలబస్ అయిపోయి ఉంటుంది. ఏప్రిల్‌లో బడి మూసేస్తారు, బట్టీ మాత్రం ఇంకో ఐదారు వారాలు నడుస్తుంది. ఎండలు ముదిరే రోజులవి, ఇటుక బాగా ఆరే రోజులూ అవే. పచ్చి ఇటుకలను ఒక పక్క ఆరాక రెండో పక్కకు తిప్పాలి. పెద్దవాళ్లు అడుగు వేస్తే నలుగుతాయి, చిన్న పిల్లల కాళ్లకు బరువుండదు. అందుకని వరసల మధ్య తిరిగి ఇటుకలు తిప్పే పని పిల్లల మీద పడుతుంది. వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క కట్టే చోట, అడ్వాన్స్ తీరేదాకా ఊరికి పోలేని చోట, పిల్లల చేతులు కూడా ఆ లెక్కలోకి వచ్చేస్తాయి.

చట్టంలో దీనికి మందు లేకపోలేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. వెనకబడినవాళ్లకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. వయసు పత్రం లేదని తిప్పి పంపకూడదు. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. ప్రత్యేక శిక్షణ 3 నెలల నుంచి 2 ఏళ్ల దాకా ఉండొచ్చని కేంద్రం నమూనా నిబంధనలు చెబుతున్నాయి. బట్టీ సీజన్ ఆరేడు నెలలు. శిక్షణ ఒక దారిన పడేసరికి పిల్ల రైలెక్కుతుంది. తిరిగి వెళ్లిన ఊళ్లో ఆ శిక్షణ సంగతి ఎవరికీ తెలియదు. ఆన్‌లైన్ రికార్డులో ఆమె పేరు ఒక బడి నుంచి తీసేసి, ఇంకో బడిలో చేరని పిల్లల జాబితాలో ఉండిపోతుంది. ఆ జాబితా పేరు డ్రాప్ బాక్స్. దేశవ్యాప్త విద్యా డేటా వ్యవస్థలో ప్రతి పిల్లకూ శాశ్వత నంబరు ఉంది. నంబరు పిల్లతో పాటు ప్రయాణిస్తుంది కానీ, దాన్ని చూసి ఈ పిల్ల ఏమైందని వాకబు చేసే మనిషి ప్రయాణించడు.

భాష ఇంకో అడ్డుగోడ. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిష్ మాధ్యమం మొదలైంది. పుస్తకం తెరిస్తే ఒక పేజీలో ఇంగ్లిష్, పక్క పేజీలో అదే పాఠం తెలుగులో. ఇక్కడి పిల్లలకు ఇది మంచి ఊతం. ఒడియా పిల్లకు మాత్రం రెండు పేజీలూ తెలియని భాషలే. ఒడిశా ప్రభుత్వం పుస్తకాలు, ఒడియా చెప్పే వలంటీర్లను పంపడం, బట్టీల దగ్గరే పని ప్రదేశ బడులు పెట్టడం వల్ల కొన్నిచోట్ల ఊరట దొరికింది. అవి ఏటా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన ఏర్పాట్లు. బడి తెరిచేసరికి సంక్రాంతి దాటితే మిగిలేది మూడు నెలలే. గొత్తికోయ పిల్లలది మరో చిక్కు. ఇంట్లో కోయ మాట, బస్తర్‌లో బడికి వెళ్లిన అన్నకు హిందీ, ఇక్కడ తెలుగు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయ, గోండి, కొలామీ సహా 8 గిరిజన భాషల్లో మొదటి తరగతుల బోధన మొదలుపెట్టారు. ఆ తర్వాత ఆ ఊపు తగ్గింది.

హెడ్మాస్టర్ బాధ్యత ఆ బడి వరకు, సీఆర్పీది (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) కొన్ని బడుల క్లస్టర్ వరకు, ఎంఈఓది (మండల విద్యాధికారి) మండలం వరకు. ఎవరి పని వాళ్లు సరిగ్గా చేసినా, మండలం దాటిన పిల్ల ఎవరి ఖాతాలోనూ ఉండదు. మెంటారింగ్‌కు చోటు దొరికేది సరిగ్గా ఇక్కడే. ఊరితో నిమిత్తం లేకుండా పిల్లతోనే బంధం ఉన్న ఒక మనిషి.

ట్యూషన్‌కూ దీనికీ తేడా

ట్యూషన్‌లో పాఠం ముందు, పిల్ల తర్వాత. మెంటారింగ్‌లో వరస తిరగబడుతుంది. బట్టీ దగ్గర ఒక గంట ఎలా గడుస్తుందో చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

ఉదాహరణకు పదకొండేళ్ల అమ్మాయి. సొంతూరిలో నాలుగో తరగతి సగం చదివింది. ఇక్కడ వయసు చూసి ఐదులో రాశారు. ఆమె గురించి బడిలో ఉన్న సమాచారం ఒకే ముక్క: చదవడం రాదు. సాయంత్రం ఐదింటికి మెంటార్ వస్తుంది. సిమెంటు లేకుండా ఇటుకలు పేర్చి, పైన రేకు వేసిన గుడిసె. లోపల నిటారుగా నిలబడలేరు, అందుకని బయట చాప మీద కూర్చుంటారు. చెల్లెలు ఒళ్లోనే ఉంటుంది. మెంటార్ తెలుగు వాచకం తీయదు. ఒడియా కథ ఒకటి ముందు పెడుతుంది. అక్షరం, పదం, పేరా, కథ అని నాలుగు మెట్లు. అమ్మాయి పేరా దాకా గడగడా చదివి, కథ దగ్గర తడబడుతుంది. లెక్కల్లో రెండంకెల తీసివేత పలక మీద తప్పు చేస్తుంది. అదే లెక్క నోటితో అడిగితే ఠక్కున చెబుతుంది. ఆమె మొదట నేర్చుకున్నవి ఒడియా అంకెలు. ఇక్కడి బోర్డు మీద కనిపించేవి వేరు. వెయ్యి ఇటుకలకు నాన్నకు ఎంత వస్తుంది, వారం ఖర్చులకు తీసుకున్నది పోతే ఎంత మిగులుతుంది అని అడిగితే పెద్దవాళ్ల కన్నా ముందే లెక్క తేలుస్తుంది.

అంటే చదవడం రాదన్న మాటలో నిజం కొంతే. తెలుగు రాదు, అంతే. మెంటార్ చేయాల్సిన మొదటి పని పిల్లకు ఏమొచ్చో కనుక్కుని దాన్ని టీచరుకు చేరవేయడం. నలభై మంది ఉన్న తరగతిలో టీచరుకు ఈ తీరిక దొరకడం కష్టం. ఆ తర్వాత తెలుగు మాటలు, అంకెల మార్పిడి, ఇక్కడి వాచకం. వాటితో పాటే టీసీ ఏమైంది, ఆధార్‌లో పుట్టిన తేదీ సరిగ్గా ఉందా, ఊళ్లో బడి నంబరు ఎవరి దగ్గరుంది లాంటి పనులు. పిల్లల దృష్టిలో ఇవి చిన్నవి. వాళ్ల భవిష్యత్తును మలుపు తిప్పేది మాత్రం చాలాసార్లు ఇవే.

పెద్ద పిల్లల విషయంలో ఈ రెండో పని మొదటిదాన్ని మించిపోతుంది. విద్యాహక్కు చట్టం 14 ఏళ్లతో ఆగిపోతుంది. గొత్తికోయ గూడెం నుంచి ఆశ్రమ పాఠశాలలో పది దాకా వచ్చిన అబ్బాయికి ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలి, ఏ హాస్టల్‌లో సీటు దొరుకుతుంది, స్కాలర్‌షిప్‌కు కుల ధ్రువపత్రం ఎక్కడ వస్తుంది అన్నవి చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు. తెలంగాణలో కోయలు షెడ్యూల్డ్ తెగ. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గొత్తికోయలకు ఇక్కడ ఆ పత్రం దొరకడం గగనమే. ప్రవేశ పరీక్షల్లో స్థానిక అభ్యర్థిగా లెక్కకు రావాలంటే వరసగా కొన్నేళ్లు ఇక్కడే చదివి ఉండాలన్న నిబంధన ఇంకో మెలిక. మధ్యలో ఒక ఏడాది బస్తర్ వెళ్లి వస్తే ఆ వరస తెగుతుందని తొమ్మిదో తరగతిలోనే చెప్పేవాళ్లుంటే కొందరి దారి మారుతుంది. రెగ్యులర్ బడికి దూరమైనవాళ్లకు ఓపెన్ స్కూల్‌లో పది, ఇంటర్ రాసే దారి ఉందన్న సంగతి కూడా చాలా గూడేలకు చేరలేదు. బ్రిటన్‌లో అమ్మానాన్నలు లేకుండా ఒంటరిగా వచ్చిన శరణార్థి యువకుల కోసం నడిచే మెంటారింగ్‌లో జరిగే పని కూడా దాదాపు ఇదే. వారానికోసారి కలవడం, ఇంగ్లిష్, హోంవర్క్, కాలేజీ దరఖాస్తు. పత్రాల పేర్లు వేరు, చిక్కు ఒకటే.

పరిశోధనలు ఏం తేల్చాయి

ఒకరికి ఒకరు చెప్పే చదువు మీద ఆశలు పెరగడానికి మూలం 1984లో అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ రాసిన వ్యాసం. విడిగా చెప్పించుకున్న సగటు విద్యార్థి, మామూలు తరగతిలోని నూటికి 98 మందిని దాటిపోయాడని ఆయన చూపించారు. తర్వాతి పరిశోధనల్లో అంత పెద్ద ఫలితం రాలేదు. 2020లో 96 ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణలో తేలింది 0.37 ప్రామాణిక విచలనం. మామూలు మాటల్లో చెప్పాలంటే, వంద మందిని మార్కుల వరసలో నిలబెడితే మధ్యలో ఉన్న పిల్ల కింది నుంచి సుమారు 64వ స్థానానికి చేరుతుంది. విద్యారంగంలో ఇది పెద్ద ఫలితమే. అదే విశ్లేషణలో ఇంకో రెండు సంగతులు బయటపడ్డాయి. టీచర్లు, శిక్షణ పొందిన సహాయకులు చెప్పినప్పుడు వచ్చినంత ఫలితం వలంటీర్లతో రాలేదు. వారానికి కనీసం మూడుసార్లు జరిగినవి, బడి వేళల్లో జరిగినవి మెరుగ్గా పనిచేశాయి. వలంటీర్ల మీద ఆధారపడాలనుకునే ఎవరైనా దీన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

వలస పిల్లలను కూడా విడిగా చూసిన పనుల్లో ఇటలీది చెప్పుకోదగ్గది. 2020 లాక్‌డౌన్‌లో అక్కడ యూనివర్సిటీ విద్యార్థులు స్వచ్ఛందంగా ఆన్‌లైన్‌లో ఒక్కో పిల్లకు వారానికి కొన్ని గంటలు చెప్పారు. మార్కులు పెరగడంతో పాటు పిల్లల మనసు కూడా తేలికపడిందని, మనసుకు జరిగిన ఈ మేలు వలస కుటుంబాల పిల్లల్లో ఎక్కువగా కనిపించిందని తేలింది. జర్మనీలో యూనివర్సిటీ విద్యార్థులు హైస్కూలు పిల్లలకు మెంటార్లుగా ఉండే పథకాన్ని పరీక్షిస్తే, వెనకబడిన కుటుంబాల పిల్లలకు లెక్కల మార్కుల్లో, ఓపికలో, ఉద్యోగం మీద అవగాహనలో మెరుగుదల వచ్చింది. బాగా ఉన్న కుటుంబాల పిల్లలకు ఏ మార్పూ లేదు. ఇంట్లో దారి చెప్పేవాళ్లు లేని చోటే మెంటార్ అవసరం ఉందన్నమాట. బడిలో అందరికీ ఒక మెంటార్ అనే పథకాలు డబ్బును పలచగా చల్లడమే.

ఈ పద్ధతికి డబ్బు ఎలా అన్న ప్రశ్నకు ఇజ్రాయెల్ ఒక జవాబు చూపింది. 1974లో మొదలైన పెరాఖ్ పథకంలో మెంటార్‌గా ఉండే కాలేజీ విద్యార్థికి ఫీజులో సాయం దొరుకుతుంది. ఆ నమూనా చూసి స్వీడన్‌లోని మాల్మోలో 1997లో వలస పిల్లల కోసం నైటింగేల్ అనే కార్యక్రమం పెట్టారు. అక్కడ మెంటార్లు ఎక్కువగా టీచర్ శిక్షణలో ఉన్న విద్యార్థులు. పిల్లకు తోడు దొరికింది, రేపటి టీచరుకు వలస ఇల్లు ఎలా ఉంటుందో తెలిసింది.

మన దేశంలో ఇంతకన్నా దగ్గరి పాఠం ఉంది. ప్రథమ్ సంస్థ ముంబై, వడోదరల్లో బస్తీకి చెందిన అమ్మాయిలను బాల్‌సఖిలుగా పెట్టి వెనకబడిన పిల్లలకు రోజుకు రెండు గంటలు చెప్పించింది. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం రెండో ఏడాదికి 0.28 ప్రామాణిక విచలనం మెరుగుదల కనిపించింది. ఆ పరిశోధకుల్లోని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోలకు 2019లో నోబెల్ వచ్చింది. బాల్‌సఖి ఒకరికి ఒకరు కాదు, ఇరవై మంది దాకా ఉండే గుంపు. పిల్ల తరగతిని పక్కనపెట్టి, పిల్లకు వచ్చిన దగ్గర నుంచి మొదలుపెట్టడమే అక్కడ పనిచేసింది. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం 2022లో మొదలైన తొలిమెట్టు కూడా ఈ ఆలోచన మీదే నడిచింది. అది తెలుగు తెలిసిన పిల్లలను దృష్టిలో పెట్టుకున్నది.

చివరగా ఫోను. బోట్స్వానాలో కరోనా రోజుల్లో వారానికి ఒక 20 నిమిషాల కాల్, దానికి ముందు ఎస్ఎంఎస్‌లో కొన్ని లెక్కలు, ఇంతే. 0.12 ప్రామాణిక విచలనం మెరుగుదల వచ్చింది. ఉత్త ఎస్ఎంఎస్‌లు పంపిన చోట చెప్పుకోదగ్గ ఫలితం లేదు. గొంతు వినిపించిన చోటే పని జరిగింది. తర్వాత భారత్ సహా ఐదు దేశాల్లో చేసినప్పుడు ఫలితం ఇంకా మెరుగ్గా వచ్చింది. బట్టీ నుంచి బలంగీర్ వెళ్లిపోయే పిల్లకు ఇంతకన్నా పనికొచ్చే సంగతి ఈ పరిశోధనల్లో ఇంకోటి లేదు.

మధ్యలో వదిలేస్తే

అమెరికాలో వందేళ్లకు పైగా నడుస్తున్న బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ కార్యక్రమం మీద 2002లో ఒక అధ్యయనం వచ్చింది. ఏడాదికి మించి నిలిచిన జోడీల్లో పిల్లలు చదువులోనూ, ప్రవర్తనలోనూ బాగుపడ్డారు. మూడు నెలల్లోపే తెగిపోయిన జోడీల్లో పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం మొదటికన్నా తగ్గింది. మెంటార్ రాకపోతే మామూలుగా ఉండిపోయేవాళ్లు, వచ్చి వెళ్లిపోవడం వల్ల దెబ్బతిన్నారు.

ఇల్లు, బడి, స్నేహితులు అన్నీ ఏటా వదులుకునే పిల్లల విషయంలో ఈ సంగతిని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. కాలేజీ ఫెస్ట్ ముందు మొదలై, సెమిస్టర్ పరీక్షలకు ఆగిపోయే మెంటారింగ్ ఈ పిల్లల దగ్గరకు పోకపోవడమే మంచిది. వంద మందితో మొదలుపెట్టి ముప్పై మందిని నిలుపుకోవడం కన్నా, ముప్పై మందితో మొదలుపెట్టి అందరినీ నిలుపుకోవడం మేలు. ఇంగ్లండ్‌లో 2020లో పెట్టిన జాతీయ ట్యూటరింగ్ పథకానికి ప్రభుత్వ రాయితీ ఏటా తగ్గుతూ వచ్చి 2024లో ఆగిపోయింది. సొంత నిధులు లేని బడుల్లో ఆ పని అంతటితో సరి.

వరంగల్‌లో చేయగలవాళ్లు

కావలసిన మనుషులు చుట్టుపక్కలే ఉన్నారు. వరంగల్ ఎన్ఐటీలో సగం సీట్లు ఇతర రాష్ట్రాలవాళ్లవి. ఒడియా, హిందీ ఇంటి భాషగా ఉన్న విద్యార్థులు అక్కడ చదువుతున్నారు. ఇంగ్లిష్, తెలుగు రెండూ రాని పిల్లకు సొంత భాషలో పలకరించే సీనియర్ దొరకడం చిన్న విషయం కాదు. నాలుగేళ్లు అదే క్యాంపస్‌లో ఉంటారు కాబట్టి ఏడాది నిలబడటం వీలవుతుంది. కాకతీయ యూనివర్సిటీ ఎన్ఎస్ఎస్ విభాగాలు, హనుమకొండ డైట్‌లో (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) టీచర్ శిక్షణ పొందుతున్నవాళ్లు రెండో వనరు. మాల్మో అనుభవం ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. డైట్ విద్యార్థి ప్రాక్టికల్స్‌లో ఒక వలస పిల్ల ఏడాది బాధ్యత భాగమైతే, పనికి మార్కులూ ఉంటాయి, పర్యవేక్షణా ఉంటుంది.

అడవి గూడేల్లో ఈ లెక్క కుదరదు. 2024లో ములుగు జిల్లా కన్నాయిగూడెం మండలం బంగారుపల్లిలో కంటైనర్‌లో బడి పెట్టారు. అటవీ భూమిలో పక్కా భవనానికి అనుమతి దొరకక ఆ మార్గం ఎంచుకున్నారు. అలాంటి చోటుకు హనుమకొండ నుంచి వారానికి మూడుసార్లు వెళ్లిరావడం అయ్యే పని కాదు. అక్కడ మెంటార్ ఆ గూడెంలోనో, పక్క కోయ గూడెంలోనో పది పాసైన అక్క కావాలి. గౌరవ వేతనం ఇవ్వాలి, నెలకోసారి శిక్షణ ఉండాలి. కోయ మాట వచ్చినవాళ్లు చెబితే చిన్నపిల్లల్లో భయం పోతుంది. కాలేజీ విద్యార్థులు ఆ అక్కలకు ఫోన్‌లో లెక్కలు, దరఖాస్తుల్లో సాయపడొచ్చు.

భద్రత మాట దాటవేయకూడదు. ఒంటరి పిల్ల, ఒక అపరిచిత పెద్ద అన్న ఏర్పాటులోనే ప్రమాదం ఉంది. పోలీసు వెరిఫికేషన్, అందరికీ కనిపించే చోటే కలవడం, ఆడపిల్లలకు మహిళా మెంటార్, పిల్లకూ తల్లికీ బాలల హెల్ప్‌లైన్ 1098 నంబరు తెలిసి ఉండటం. వీటిలో ఒక్కటి లేకున్నా మొదలుపెట్టకూడదు.

మెంటార్ చేతిలో లేనివి

అడ్వాన్స్ అప్పు తీరేదాకా కుటుంబం కదలలేని స్థితిని మెంటార్ మార్చలేడు. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, కనీస కూలి, బట్టీ యజమాని బాధ్యత, ఇవి కార్మిక శాఖ, రెవెన్యూ శాఖ చేయాల్సినవి. నడుం పడిపోయిన తల్లి స్థానంలో ఇటుకలు తిప్పుతున్న అమ్మాయికి సాయంత్రం గంట చదువు చెప్పి తృప్తి పడితే, పగటి ఎనిమిది గంటలు ఒప్పేసుకున్నట్టే అవుతుంది. పిల్ల పగలు బడిలో ఉండాలి. పిల్లలను పని మాన్పించి, బ్రిడ్జి కోర్సులతో బడికి చేర్చిన ఎంవీ ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా అనుభవం చెప్పింది ఇదే. ఆ పనికి శాంతా సిన్హా 2003లో మెగసెసే అవార్డు అందుకున్నారు.

బట్టీ యజమానుల అనుమతి కూడా తేలిక కాదు. బయటి మనిషి వస్తే తనిఖీ అన్న టెన్షన్ వాళ్లకు ఉంటుంది. స్వచ్ఛంద సంస్థ ఒంటరిగా అడిగితే గేటు దగ్గరే ఆపుతారు. ఎంఈఓ సంతకంతో ఉత్తర్వు ఉండి, బడి తరఫున వచ్చినట్టు వెళితే మాట వేరు.

జూన్‌లో ఏం జరగాలి

అన్నిటికన్నా బలహీనమైన లంకె తిరుగు ప్రయాణం. మే రెండో వారానికల్లా మెంటార్ ఒక కాగితం తయారు చేసి ఉంచాలి. పిల్ల ఒడియాలో, లెక్కల్లో ఏ మెట్టు మీద ఉంది, ఇక్కడ ఎన్ని రోజులు హాజరైంది, శాశ్వత నంబరు ఎంత, తల్లి ఫోన్ నంబరు ఏది. దాని ఒక ప్రతి పిల్ల సంచిలో, ఇంకొకటి ఫొటోగా సొంతూరి హెడ్మాస్టర్ ఫోన్‌లో చేరాలి. ఒడిశాలో తల్లిదండ్రులు వలస వెళ్లే నెలల్లో పిల్లలను ఉంచుకునే సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. నువాఖాయ్‌కి ముందే అందులో పేరు నమోదైతే ఆ పిల్ల మళ్లీ బట్టీకి రావాల్సిన పని లేదు. ఆ సమాచారం తల్లికి ఒడియాలో అందేది, ఆరు నెలలుగా ఆమెకు తెలిసిన మనిషి ఫోన్ చేస్తేనే.

కార్యక్రమం ఫలితాన్ని కొలిచే లెక్క కూడా ఇక్కడే పెట్టుకోవాలి. డిసెంబరులో ఎంతమందిని చేర్పించారన్న అంకె చాలా సులువుగా దొరుకుతుంది, దాని వల్ల తెలిసేదీ అంతే తక్కువ. ఆగస్టులో ఎన్ని జోడీల మధ్య వారం వారం ఫోన్ నడుస్తోంది, ఎంతమంది పేర్లు సొంతూరి హాజరు పట్టీలో ఉన్నాయి, మరుసటి నవంబరులో బట్టీకి తిరిగి వచ్చిన పిల్లలు ఎందరు అన్నవి చూస్తే, నిధులిచ్చేవాళ్లకూ, విద్యాశాఖకూ అసలు పరిస్థితి తెలుస్తుంది.